ఆఫ్రికాలో ఒక దేశానికి అందిన టీకా పక్క దేశానికి ఎందుకు అందలేదు?

2021 సంవత్సరం ముగిసేసరికి మారిషస్‌లో ప్రతి 100 మందిలో దాదాపు 70 మంది కోవిడ్ టీకా రెండు డోసులూ వేసుకున్నారు. అదే ఆఫ్రికా ఖండానికి చెందిన బురుండిలో 100 మందికి ఒక్కరు కూడా లేరు. ఎరిత్రియాలో అసలు మొదలే పెట్టలేదు. ఖండం మొత్తం కలిపి చూస్తే పది మందిలో సుమారు ఒక్కరు. ఆ ఏడాది ఆఖరుకల్లా ప్రతి దేశమూ 40 శాతం చేరాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ గడువు పెడితే, యాభైకి పైగా దేశాలున్న ఆ ఖండంలో ఏడు దేశాలే చేరాయి. సీషెల్స్, మారిషస్, మొరాకో, ట్యునీషియా, కేప్ వెర్డె, బోట్స్వానా, రువాండా.

"ఆఫ్రికావాళ్ళకు సూది అంటే నమ్మకం లేదు, అందుకే వేసుకోలేదు" అని అప్పట్లో మన కేజీఎఫ్‌లో చాలామంది తేల్చేశారు. ఇప్పటికీ ఆ మాట వినపడుతూనే ఉంది. అందులో నిజం కొంతే ఉంది. మిగతాది తెలుసుకోవాల్సిన అవసరం మనకుంది. డర్బన్ చుట్టుపక్కల, మారిషస్‌లో తెలుగు కుటుంబాలు ఐదారు తరాలుగా ఉన్నాయి. మద్రాసు రేవు నుంచి బయలుదేరిన మొదటి కూలీల ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది, అందులో మన జిల్లాల వాళ్ళూ ఉన్నారు. మరో సంగతి, ఆఫ్రికాకు మొదట వెళ్ళిన టీకా సీసాల్లో చాలావాటిని నింపింది పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్. అంటే అక్కడి కథలో మన పాత్ర కూడా ఉంది.

లవం ఏది, హారం ఏది

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా పని మస్టర్లూ రిజిస్టర్లే కాబట్టి ముందు అంకెల సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. శాతం అనగానే పైన ఒక సంఖ్య, కింద ఒక సంఖ్య. పైన సూది వేసుకున్నవాళ్ళు. కింద ఎవరిని పెట్టాలి? మన ప్రభుత్వం ప్రకటనల్లో ఎక్కువగా "అర్హులైనవారిలో ఇంత శాతం" అనేది. అంటే 18 ఏళ్ళు దాటిన సుమారు 94 కోట్ల మంది కింద ఉంటారు. అంతర్జాతీయ పట్టికల్లో మాత్రం దేశంలో ఉన్న మొత్తం జనాభా కింద ఉంటుంది, చంకలో పసిపిల్లతో సహా.

ఆఫ్రికా విషయంలో ఈ తేడా చిన్నది కాదు. నైజర్ దేశంలో దాదాపు సగం మంది 15 ఏళ్ళ లోపు పిల్లలు. అక్కడ పెద్దవాళ్ళలో ఒక్కరినీ వదలకుండా సూది వేసినా మొత్తం జనాభాలో సగం దాటదు. ముసలివాళ్ళు ఎక్కువగా ఉన్న జపానునూ, పిల్లలు ఎక్కువగా ఉన్న నైజర్‌నూ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి చూస్తే రెండో దేశానికి అన్యాయం జరుగుతుంది.

ఇంకో తిరకాసు మన కోలారు జిల్లాలోనే కనబడింది. 2021 మే నెలలో 18 ఏళ్ళు దాటిన అందరికీ అన్నారు, సరుకు మాత్రం లేదు. బెంగుళూరులో స్లాట్లు దొరకని కుర్రాళ్ళు ఫోన్లో వెతికి వెతికి కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల పల్లె కేంద్రాల్లో బుక్ చేసుకుని కార్లు వేసుకుని వచ్చారు. ఊళ్ళో వాళ్ళు వరసలో నిలబడి చూస్తుండగా పైనుంచి వచ్చినవాళ్ళు వేయించుకుని వెళ్ళిపోయారని అప్పుడు ఎంత గొడవైందో గుర్తుండే ఉంటుంది. తర్వాత ఇది తిరగబడింది. మారికుప్పం బండెక్కి రోజూ బెంగుళూరు వెళ్ళి పనిచేసే మన పిల్లలు అక్కడ కంపెనీ శిబిరాల్లోనో, పనిచేసే చోట దగ్గరలోనో వేయించుకున్నారు. కోవిన్ లెక్క మనిషి ఏ ఊరివాడో చూడదు, సూది ఏ కేంద్రంలో పడిందో అదే చూస్తుంది. మనిషి కోలారు జనాభాలో ఉంటాడు, డోసు బెంగుళూరు ఖాతాలో పడుతుంది. అప్పట్లో జిల్లాల పట్టికలు చూసి "మా జిల్లా వెనకబడింది, మీ జిల్లా ముందుంది" అని వాదించుకున్నవాళ్ళు ఈ సంగతి పట్టించుకోలేదు. లెసోతో దేశం నుంచి దక్షిణాఫ్రికా గనులకు పనికి వెళ్ళే మనిషి అక్కడే వేయించుకుంటే ఆ లెక్క కూడా అక్కడే పడుతుంది.

అయినా మనకొక సౌకర్యం ఉంది. మన ఇళ్ళలో సగం చుట్టరికాలు వి.కోట, కుప్పం, పలమనేరు, పుంగనూరు వైపే. మొదటి డోసు ఇక్కడ వేయించుకుని, లాక్‌డౌన్‌లో కూతురింట చిక్కుకుపోయిన పెద్దావిడ రెండో డోసు ఆంధ్రాలో వేయించుకున్నా ఒకే ఫోన్ నంబరు మీద సర్టిఫికెట్ వచ్చింది. రాష్ట్రం మారినా లెక్క ఒకటే. ఆఫ్రికాలో మనకు తాలూకా సరిహద్దులాంటి గీతలే దేశాల సరిహద్దులు. గీత దాటితే మందు వేరు, నియమం వేరు, రిజిస్టరు వేరు.

పుణె నుంచి బయలుదేరిన పెట్టెలు

2021 జనవరి 16న మన దేశంలో టీకాలు మొదలయ్యాయి. నాలుగు రోజులకే బయటి దేశాలకు పంపడం కూడా మొదలైంది. భూటాన్, మాల్దీవుల తర్వాత జనవరి 22న మారిషస్‌కు లక్ష కోవిషీల్డ్ డోసులు కానుకగా వెళ్ళాయి. జనవరి 26న, మన గణతంత్ర దినం నాడు, అక్కడ సూదులు మొదలుపెట్టారు. సీషెల్స్‌కు 50 వేలు వెళ్ళాయి. ఆ దేశం మొత్తం జనాభా లక్ష పైచిలుకు, మన కేజీఎఫ్ పట్టణం కన్నా తక్కువ. మొరాకో కానుక కోసం చూడలేదు, ముందే డబ్బు కట్టి పుణె నుంచి ఒకటి, చైనా నుంచి ఒకటి తెప్పించుకుంది. ఏడు దేశాల జాబితాలోకి తొందరగా చేరిన దేశాలను చూడండి. చిన్న ద్వీపాలు, లేదా ముందే బేరం కుదుర్చుకుని కొనగలిగినవి.

మిగతావాళ్ళంతా కోవాక్స్ మీద ఆధారపడ్డారు. కోవాక్స్ అంటే దేశాలన్నీ కలిసి ఒకే చీటీలాగా డబ్బు వేసి టీకాలు కొనడం, పేద దేశాలకు ఉచితంగా ఇవ్వడం. ఆలోచన మంచిదే. చిక్కేమిటంటే డబ్బున్న దేశాలు చీటీలో పేరు వేసుకుంటూనే కంపెనీలతో విడిగా ఒప్పందాలు చేసుకున్నాయి. కెనడా తన జనాభాకు కావలసినదానికి ఎన్నో రెట్లు ఆర్డరు పెట్టింది. కోవాక్స్‌కు మిగిలిన ప్రధానమైన ఆసరా ఒక్కటే, పుణె ఫ్యాక్టరీ.

ఫిబ్రవరి 24న ఘనాకు 6 లక్షల డోసులు దిగాయి. కోవాక్స్ కింద ప్రపంచంలో మొదట అందుకున్న దేశం అదే. మార్చి 1న ఆ దేశాధ్యక్షుడు అకుఫో అడ్డో అందరూ చూస్తుండగా సూది వేయించుకున్నాడు. ఆ తర్వాత నాలుగు వారాలు తిరక్కుండానే పుణె నుంచి పెట్టెలు ఆగిపోయాయి.

ఎందుకు ఆగాయో మనకు వేరే చెప్పక్కరలేదు. ఆ ఏప్రిల్, మే నెలలు ఎవరూ మరిచిపోలేరు. 2001లో గనులతో పాటు మూతపడిన మన బీజీఎంఎల్ ఆస్పత్రిలో ఇరవై ఏళ్ళ బూజు దులిపి, ముళ్ళపొదలు కొట్టి, కోవిడ్ పడకలు వేసిన రోజులవి. మన ఇళ్ళలో మనుషులు పోతుంటే ఇక్కడి మందు ఇక్కడే ఉంచారు. అలా ఉంచడం తప్పని నేననను. ఏ ప్రభుత్వమైనా అదే చేసేది. అయితే ఆ నిర్ణయం ఖరీదు ఎవరు కట్టారో కూడా తెలియాలి. ఎగుమతులు మళ్ళీ కోవాక్స్‌కు మొదలైంది నవంబరు చివర్లో. మధ్యలో ఎనిమిది నెలలు. మొదటి డోసు వేసుకున్న ఆఫ్రికా నర్సులు, వృద్ధులు రెండో డోసు కోసం కళ్ళు కాయలు కాచేలా చూశారు. ఘనాకు రెండో డోసుకు మందు ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నారు? కాంగో నుంచి. కాంగోకు మార్చిలో 17 లక్షల డోసులు వస్తే, గడువు లోపల వేయలేమని 13 లక్షలు వెనక్కి ఇచ్చేసింది. అందులో మూడున్నర లక్షలు ఘనాకు చేరాయి. ఒకచోట కరువు, ఒకచోట వాడలేక వాపసు. ఒకే ఖండంలో, ఒకే నెలల్లో.

దక్షిణాఫ్రికాలోనే ఒక ఫ్యాక్టరీ ఉంది. గెబెర్హా పట్టణంలో, పాత పేరు పోర్ట్ ఎలిజబెత్, ఆస్పెన్ కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ టీకాను సీసాల్లో నింపేది. ఆ సీసాల్లో కొన్ని లక్షలు 2021లో యూరప్‌కు ఓడెక్కాయి. సొంత గడ్డ మీద నింపిన మందు, సొంత జనం వరసలో ఉండగానే. గొడవయ్యాక ఆ పద్ధతి మారింది. మన నేల నుంచి తీసిన బంగారం లండన్ చేరిన చరిత్ర తెలిసిన కేజీఎఫ్ వాళ్ళకు దీని మీద వ్యాఖ్యానం అక్కరలేదు.

ఏడాది చివర్లో ఇంకో విడ్డూరం. పెద్ద దేశాలు తమ దగ్గర మిగిలిన డోసులను ఒక్కసారిగా దానం చేశాయి. వాటిలో చాలావాటికి గడువు నాలుగైదు వారాలే ఉంది. విమానం దిగి, గోదాముకు చేరి, రాష్ట్రాలకు పంచి, ఊరికి వెళ్ళేసరికి తేదీ అయిపోతుంది. నైజీరియా డిసెంబరు 22న పది లక్షలకు పైగా డోసులను రాజధాని అబూజాలో చెత్తకుప్ప మీద పారేసి ధ్వంసం చేసింది. ఆ బొమ్మ పత్రికల్లో చూసినవాళ్ళు "ఇస్తే పారేసుకున్నారు" అన్నారు. పెట్టె మీద ఉన్న తేదీ ఎవరూ చూడలేదు.

నమ్మకం సంగతి

మొదట అన్నాను, కొంత నిజం ఉందని. టాంజానియా అధ్యక్షుడు మగుఫులి తమ దేశంలో కరోనా లేదన్నాడు, టీకాలు వద్దన్నాడు. 2021 మార్చి 17న ఆయన చనిపోయాడు. ఆ పదవిలోకి వచ్చిన సామియా సులుహు హసన్ జూలై 28న తానే మొదట సూది వేయించుకుని కార్యక్రమం ప్రారంభించింది. ఆ తర్వాత టాంజానియా పుంజుకుంది. బురుండి ఆ ఏడాది అక్టోబరు దాకా మొదలుపెట్టలేదు, తర్వాత కూడా కదల్లేదు. ఇక్కడ వెనకడుగు వేసింది జనం కన్నా ముందు పాలకులు. మన మైసూరు సంస్థానంలో 1805 ప్రాంతంలో మశూచి టీకా కొత్తగా వచ్చినప్పుడు రాణులే వేయించుకున్నారనీ, థామస్ హికీ గీసిన రాణుల చిత్రం జనానికి ఆ సంగతి చాటడానికేననీ చరిత్రకారులు అంటారు. పైవాళ్ళు చెయ్యి చాపితే కిందివాళ్ళు చాపుతారని అప్పటివాళ్ళకూ తెలుసు.

దక్షిణాఫ్రికాది మరో రకం. ఫిబ్రవరి 1న పుణె నుంచి పది లక్షల డోసులు దిగాయి, అధ్యక్షుడే విమానాశ్రయానికి వెళ్ళి అందుకున్నాడు. వారం లోపలే ఆపేశారు. సుమారు రెండు వేల మందితో చేసిన ఒక చిన్న పరీక్షలో, అక్కడ అప్పుడు తిరుగుతున్న బీటా రకం వల్ల వచ్చే స్వల్ప జబ్బును ఈ టీకా పెద్దగా ఆపడం లేదని తేలింది. పరీక్షలో ఉన్నవాళ్ళు ఎక్కువగా యువకులు కాబట్టి ప్రాణాపాయాన్ని ఆపుతుందా లేదా అన్నది అందులో తేలే ప్రశ్నే కాదు. ఆ తేడా జనానికి చేరలేదు. ఆ డోసులను ఆఫ్రికా యూనియన్ ద్వారా వేరే దేశాలకు పంపేశారు. "దక్షిణాఫ్రికా వద్దన్నది మాకెందుకు?" అన్న ప్రశ్న ఖండమంతా పాకింది. మలావీ దేశంలో గడువు దాటిన 19,610 డోసులను మే నెలలో బహిరంగంగా కాల్చేశారు. పాత మందు ఎక్కడ పొడుస్తారో అన్న భయం జనంలో పోవాలని ఆ పని చేశామన్నారు. భయం పోయిందో, పెరిగిందో గానీ, చేసిన ఉద్దేశం అది.

జూలైలో క్వాజులు నటాల్ రాష్ట్రంలో అల్లర్లు చెలరేగాయి. డర్బన్ ప్రాంతంలో మందుల దుకాణాలు లూటీ అయ్యాయి, టీకా కేంద్రాలు మూసేశారు. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతమే అది. నవంబరు నాటికి అక్కడ పరిస్థితి తలకిందులైంది. గోదాముల్లో సరుకుంది, వచ్చేవాళ్ళు లేరు. ఇంకా పంపకండి, తర్వాత చూద్దాం అని కంపెనీలకు ప్రభుత్వం చెప్పింది. సరిగ్గా అదే వారంలో అక్కడి శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ రకాన్ని లోకానికి వెల్లడించారు.

అదే దేశంలో గని కార్మికుల్లో మాత్రం టీకా వేసుకున్నవారి శాతం దేశ సగటు కన్నా చాలా ఎక్కువ. కారణం సులువు. గని కంపెనీలకు సొంత క్లినిక్కులున్నాయి, షిఫ్టు దిగిన మనిషికి అక్కడే సూది. కూలి పోదు, బస్సు చార్జీ లేదు. మన దగ్గర గనులు నడిచిన రోజుల్లో పద్ధతి అలాగే ఉండేది. 2001 ఫిబ్రవరి 28 తర్వాత ఆ గూడు చెదిరింది. లైన్లలో మిగిలిన ముసలివాళ్ళు రాబర్ట్‌సన్‌పేట ఆస్పత్రికి ఆటో పెట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది. సూది ఉచితమే, ఆటో ఉచితం కాదు. సిలికోసిస్‌తో దగ్గుతూ ఉన్న మనిషికి మెట్లెక్కి వరసలో నిలబడడమే ఒక పెద్ద పని.

ఇంటి గుమ్మం దాకా

ఎక్కడ బాగా జరిగిందో చూస్తే డబ్బు ఒక్కటే లెక్కలోకి రాదు. రువాండా ధనిక దేశం కాదు. ప్రతి పల్లెలో ఊరివాళ్ళే ఎన్నుకున్న ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు, మన ఆశా కార్యకర్తల్లాగా. ఎవరింట్లో ఎవరున్నారో వాళ్ళకు నోటికి తెలుసు. అక్కడ 2016 నుంచే రక్తం సీసాలను డ్రోన్ల మీద కొండలు దాటించి ఆస్పత్రులకు చేరుస్తున్నారు, టీకాలకు కూడా ఆ ఏర్పాటు పనికొచ్చింది. లైబీరియా అంతకన్నా పేద దేశం. 2014లో ఎబోలా వచ్చినప్పుడు ఇంటింటికీ తిరగడం నేర్చుకుంది. ఒక్క డోసుతో సరిపోయే జాన్సన్ టీకా చేతికి రాగానే గుమ్మం గుమ్మానికీ పట్టుకెళ్ళి, 2022 చివరికల్లా 70 శాతం దాటింది. ఒక్కసారే వేసే సూదికి ఉన్న బలం ఇక్కడ తెలుస్తుంది. రెండోసారి అదే మనిషిని వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో రిజిస్టరు రాసినవాళ్ళకు తెలుసు.

కాంగో దీనికి ఎదురు. నదులే దారులు. కోవిషీల్డ్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, ఫైజర్‌కు మైనస్ 70 దాకా కావాలి. మన కేజీఎఫ్‌కు 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. అక్కడ ఎన్నో ఆరోగ్య కేంద్రాలకు ఈనాటికీ కరెంటు లేదు. పైగా 2019లో అక్కడ తట్టు సోకి ఆరు వేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువగా పసిపిల్లలు. కళ్ళముందు తట్టుతో పిల్ల పోయిన తల్లికి కోవిడ్ టీకా ఎందుకు తొందర అనిపిస్తుంది? దాన్ని అపనమ్మకం అనగలమా?

భాష కూడా ఇలాంటిదే. కోవిన్ మొదట ఇంగ్లీషులోనే వచ్చింది. 2021 జూన్‌లో హిందీ, కన్నడ, తెలుగు వగైరా భాషలు చేర్చినప్పుడు తమిళం లేదు, గొడవ చేశాక చేర్చారు. మన కేజీఎఫ్‌లో తమిళులే ఎక్కువ. అంటే అప్పటికి మూడు నెలలుగా వృద్ధుల పేర్లు నమోదు చేస్తూనే ఉన్నారు, ఇంట్లో ఫోను చదవగలిగే పిల్లాడు ఉన్నవాళ్ళకు ముందు దొరికింది. మా సంఘం తరఫున మేము చేసింది చిన్న పని. అరవై దాటినవాళ్ళ పేర్లు వీధి వీధికీ రాసుకుని, తెలుగులో ఒక కరపత్రం వేసి, ఇంటికి వెళ్ళి చదివి వినిపించాం. జనం అడిగినవన్నీ మామూలు ప్రశ్నలే. సుగరుంది, వేసుకోవచ్చా? గుండెకు స్టెంటు వేశారు, ఏమవుతుంది? జ్వరమొస్తే పనికెలా పోవాలి? జవాబు తెలుగులో వినగానే వాళ్ళలో ఎక్కువమంది వచ్చారు. వద్దని గట్టిగా కూర్చున్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు పుణె నుంచి ఆఫ్రికాకు మళ్ళీ పెట్టెలు వెళుతున్నాయి. ఈసారి మలేరియా టీకా, పేరు ఆర్21. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు కనిపెట్టారు, సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది. 2023 ఏప్రిల్‌లో మొదట అనుమతి ఇచ్చింది ఘనాయే. 2024 జూలైలో ఐవరీ కోస్ట్‌లో పిల్లలకు వేయడం మొదలైంది. ఇది మూడు డోసులు, తర్వాత బూస్టరు. పసిపిల్ల తల్లి నాలుగుసార్లు రావాలి.

మనకు మిగిలిన పని ఒకటుంది. కోవిడ్ గోలలో ప్రపంచమంతా పిల్లల మామూలు టీకాలు వెనకబడ్డాయి. 2021లో రెండున్నర కోట్ల మంది పిల్లలకు డీపీటీ డోసులు పూర్తిగా పడలేదని యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థల లెక్క. లాక్‌డౌన్‌లో పుట్టిన మన మనవలు, మనవరాళ్ళు ఐదేళ్ళ వయసుకొచ్చారు. ఐదారేళ్ళకు డీపీటీ రెండో బూస్టరు, పదేళ్ళకు, పదహారేళ్ళకు టీడీ సూది పడాలి. బడులు మూసి ఉన్న ఆ రెండేళ్ళలో పదో ఏడు, పదహారో ఏడు దాటిన పిల్లల్లో టీడీ పడనివాళ్ళు ఉండొచ్చు. ఇంట్లో తాయి కార్డు తీసి, ఖాళీగా ఉన్న గడి ఏదైనా కనబడితే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కార్డుతో సహా వెళ్ళండి. కార్డు పోయినా పంపించెయ్యరు. పుట్టిన తేదీ, కాన్పు జరిగిన ఆస్పత్రి పేరు చెబితే ఆశా కార్యకర్త పాత రిజిస్టరులో వెతికిస్తుంది.